1986 రేటు పట్టుకొని 2025ల మా వడ్లకు లెక్కలేంది? డబ్ల్యూటీఓ గురించి తెలిసినోళ్లు చెప్పుండ్రి

కల్లంకాడ_శీను | 9 నవంబర్ 2025, రాత్రి 9:40

అన్నలందరికి నమస్తే. మాది జగిత్యాల దిక్కు. నాయిన దొడ్డు వడ్లు సెంటర్ల పోసి పన్నెండు రోజులాయె, మొంథా వానకు తడిసినయి, మళ్ల ఎండవోసినం, టార్పాలిన్లు కిరాయికి తెచ్చినం, ఇయాల మిషన్ పెడితే తేమ పద్దెనిమిది చూపెట్టింది, పదిహేడుకు వస్తెనే కాంటా అన్నరు. సరే అది మా తిప్పలు ఎప్పుడూ ఉండేదే.

అసలు సంగతి ఏందంటే, ఆడ కుప్పకాడ కూసున్నప్పుడు పక్కూరాయన ఫోన్ల ఒక వీడియో చూపెట్టిండు. డబ్ల్యూటీఓ, అదే ప్రపంచ వాణిజ్య సంస్థ వాళ్లు 1986 రేటుతోని లెక్కగట్టి మద్దతు ధర బంద్ పెట్టమన్నరు, రెండేండ్లల్ల వడ్లు కొనే ఐకేపీ సెంటర్లు ఉండయి అని అండ్ల ఎవరో గట్టిగ చెప్తుండు. నాయిన పరేషాన్ అయితుండు. నేను బీకాం, గాట్, ఉరుగ్వే రౌండ్, మర్రకేష్ అని పేర్లు యాదికున్నయి గంతే, పరీక్షకు రాసిన మర్చిపోయిన. జెనీవల కూసున్నోళ్లకు మా వడ్ల కుప్పతోని ఏం పని? జర సాఫ్ సాఫ్ చెప్పుండ్రి.

ఓపెన్_మార్కెట్ | రాత్రి 10:02

ఆ వీడియోలు నమ్మకండి బ్రో. వ్యూస్ కోసం చేస్తారు. డబ్ల్యూటీఓ ఎవరి సెంటర్లూ మూయించలేదు. కానీ నిజం చెప్పాలంటే మనం చేసే పని కూడా అంత సాఫ్ ఏం కాదు, దాని గురించి తర్వాత రాస్తా, ఇప్పుడు ఆఫీస్ కాల్ ఉంది.

లెక్కల_మాస్టారు | రాత్రి 11:15

శీను గారూ, ముందు నాన్నగారికి చెప్పండి, మద్దతు ధర ఆపెయ్యమని ఎవరూ ఉత్తరం రాయలేదు. రాసే అధికారమూ లేదు. డబ్ల్యూటీఓ అంటే 166 సభ్యులు కలిసి రాసుకున్న ఒప్పందాల కట్ట, దానికి జెనీవాలో చెరువుగట్టున ఒక ఆఫీసు, అంతే. కానీ గొడవ లేదా అంటే ఉంది. అది మద్దతు ధర ఇవ్వొచ్చా లేదా అన్న గొడవ కాదు, ఇచ్చినదాన్ని ఎలా లెక్కెయ్యాలి అన్న గొడవ.

1994 ఏప్రిల్‌లో మర్రకేష్‌లో (మొరాకో) సంతకాలైన డబ్ల్యూటీఓ వ్యవసాయ ఒప్పందంలో ఒక సూత్రం పెట్టారు. ప్రభుత్వం ప్రకటించిన ధరలోంచి బయటి మార్కెట్ ధర తీసెయ్యి, మిగిలింది టన్నులతో గుణించు, అదీ నువ్విచ్చిన సబ్సిడీ. ఖజానాలోంచి నిజంగా ఎంత పోయిందో దానితో పనిలేదు. ఇంతవరకు బానే ఉంది అనుకుంటే, ఆ బయటి ధర ఏ ఏడాదిదీ అంటే 1986-88 సగటు. అప్పుడది బియ్యానికి టన్ను 3,520 రూపాయలు. కిలో కాదండోయ్, క్వింటా కాదు, టన్ను. కిలో మూడున్నర రూపాయలన్నమాట. ముప్పై ఏడేళ్లయినా పుస్తకంలో ఆ అంకె కదల్లేదు.

ఇప్పుడు మీ కుప్ప లెక్కేద్దాం. ఈ 2025 సీజన్ సాధారణ రకం వడ్ల మద్దతు ధర క్వింటా 2,369. వంద కిలోలు ఆడిస్తే 67 కిలోల బియ్యం అన్న సర్కారు లెక్కన బియ్యం క్వింటా 3,536 పడుతుంది, టన్ను 35,360. అందులోంచి 3,520 తీసెయ్యండి. 31,840. అంటే మీ నాన్నగారికి వచ్చే ప్రతి రూపాయిలో తొంభై పైసలు సబ్సిడీయే అంటుంది ఆ సూత్రం. విత్తనం, యూరియా, డీజిలు, హార్వెస్టర్ కిరాయి, పన్నెండు రోజుల కావలి, టార్పాలిన్లు, అన్నీ మిగిలిన పది పైసల్లో సర్దుకోవాలి మరి.

మనవాళ్లు తెలివిగా దీన్ని డాలర్లలో చూపిస్తారు. 1986-88లో ఆ ధర 262.51 డాలర్లు. ఇవాళ్టి 35,360ని డాలరు 88 లెక్కన మారిస్తే 402 డాలర్లు. తేడా 140 డాలర్లు, మన డబ్బుల్లో పన్నెండు వేల చిల్లర. అదే బస్తా, అదే రైతు, ఒక లెక్కలో 31 వేలు, ఇంకో లెక్కలో 12 వేలు. 2018 మే నెలలో అమెరికా వాడు మన తరఫున తనే లెక్క వేసి డబ్ల్యూటీఓలో పెట్టాడు. రూపాయల్లో వేశాడు, సర్కారు కొన్నది కాక దేశంలో పండిన మొత్తం పంటతో గుణించాడు, ఇండియా బియ్యానికి పంట విలువలో 74 నుంచి 84 శాతం దాకా మద్దతు ఇస్తోంది అని తేల్చాడు. మనకున్న హద్దు 10 శాతం.

కల్లంకాడ_శీను | రాత్రి 11:31

మాస్టారు సార్, దండం మీకు. అయితే 10 శాతం దాటితే ఏమైతది? కేసు ఏస్తరా?

లెక్కల_మాస్టారు | రాత్రి 11:50

వెయ్యొచ్చు. కానీ బియ్యం, గోధుమ లాంటి వాటి విషయంలో ప్రస్తుతానికి వెయ్యలేరు. 2013 డిసెంబర్‌లో బాలీలో జరిగిన డబ్ల్యూటీఓ సమావేశంలో "పీస్ క్లాజ్" అని ఒకటి సంపాదించాం. ఆహార భద్రత కోసం కొని నిల్వ చేసే పథకం వల్ల హద్దు దాటినా సరే, శాశ్వత పరిష్కారం దొరికేదాకా ఎవరూ కేసు పెట్టకూడదు. మన డాలరు లెక్కలోనే 2018-19 పంటకి హద్దు దాటింది. 43.67 బిలియన్ డాలర్ల బియ్యం పండితే 5 బిలియన్లు మద్దతు అని చూపించాం, అంటే పదకొండు శాతం పైన. ఆ క్లాజ్ వాడుకున్న మొదటి దేశం మనదే.

కాకపోతే అందులో మెలికలున్నాయి. బాలీ నాటికి నడుస్తున్న పథకాలకే వర్తిస్తుంది, కొత్తగా ఇంకో పంటకి మొదలెడితే ఆ గొడుగు ఉండదు. లెక్కలన్నీ ఎప్పటికప్పుడు అప్పజెప్పాలి. ఆ నిల్వల వల్ల వేరేవాళ్ల వ్యాపారం పాడవకూడదు. ఈ మూడోది గుర్తుపెట్టుకోండి, ఎవరో ఒకరు దాని మీదకొస్తారు చూడండి ఈ థ్రెడ్‌లో.

సివిల్స్_రెండోసారి | 10 నవంబర్, ఉదయం 6:20

సర్ సూపర్. నోట్స్‌లో రాసుకున్నా. ఒక డౌట్, జీ-33, జీ-20 రెండింట్లోనూ ఇండియా ఉంది కదా, తేడా ఏంటి? మెయిన్స్‌కి అడుగుతారేమో.

లెక్కల_మాస్టారు | ఉదయం 7:05

పొద్దున్నే పరీక్షా. సరే.

ఈ జీ-20 ఇప్పుడు ప్రధానమంత్రులు ఫొటో దిగే జీ-20 కాదు, పేరొకటే. 2003లో మెక్సికోలోని కాన్కూన్‌లో జరిగిన డబ్ల్యూటీఓ సమావేశానికి ముందు బ్రెజిల్, ఇండియా, చైనా, దక్షిణాఫ్రికా లాంటివాళ్లు కలిసి కట్టిన జట్టు, అమెరికా యూరప్ సబ్సిడీలు తగ్గించమని అడగటం దాని పని. జీ-33 వేరు, అది గుమ్మం దగ్గర కాపలా జట్టు, మా చిన్న రైతుల మీదకి దిగుమతులు ఒక్కసారి వచ్చిపడితే సుంకం పెంచుకునే హక్కు కావాలంటుంది. ఎగుమతి చేసే బ్రెజిల్‌కి రెండోది గిట్టదు. ఇండియా రెండు పడవల్లోనూ కూర్చుంది.

2008 జూలైలో జెనీవాలో తొమ్మిది రోజులు కూర్చుని దోహా రౌండ్ అనే వాణిజ్య చర్చలు ముగించేద్దాం అనుకున్నప్పుడు విరిగింది సరిగ్గా అక్కడే. దిగుమతులు ఎంత పెరిగాక సుంకం హద్దు దాటించొచ్చు? డబ్ల్యూటీఓ డైరెక్టర్ జనరల్ పాస్కల్ లామీ పెట్టిన కాగితంలో 140 శాతం, అంటే మామూలుగా వంద బస్తాలు వచ్చేచోట నూట నలభై వచ్చేదాకా చేతులు కట్టుకుని కూర్చోవాలి. అప్పటి మన వాణిజ్య మంత్రి కమల్‌నాథ్ కుదరదన్నారు. అమెరికా తగ్గనంది. ఇంటికొచ్చేశారు.

పత్తిచేను | ఉదయం 8:48

అందరు వడ్లు వడ్లు అంటున్నరు, మా పత్తి గురించి ఎవలు అడగరా? మాది ఆదిలాబాద్. ఆగస్టు 19 నుంచి పత్తి దిగుమతి సుంకం 11 శాతం మొత్తం తీసేసిండ్రు, ముందు సెప్టెంబర్ దాకా అన్నరు, మళ్ల డిసెంబర్ 31 దాకా పొడిగించిండ్రు. సరిగ్గ మా పత్తి ఏరే టైముకు. మద్దతు ధర 8,110, అది తేమ ఎనిమిదుంటెనే, పన్నెండు దాటితే కొననే కొనరు, ఈ వానలకు పన్నెండు లోపల ఎట్లొస్తది, చేతిల పట్టుకుంటే సల్లగ తగుల్తది. ఇంక బయట వ్యాపారి ఆయన చెప్పిందే రేటు. ఇదంత అమెరికా ఒత్తిడి కాదా?

ఓపెన్_మార్కెట్ | ఉదయం 9:30

అన్నా సుంకం తీసింది మన ప్రభుత్వమే, స్పిన్నింగ్ మిల్లులు అడిగినందుకు. దీన్ని డబ్ల్యూటీఓ ఖాతాలో రాయకండి. మీకు కోపం రావాల్సిన కేసు వేరే ఉంది, అమెరికా-బ్రెజిల్ పత్తి కేసు.

పత్తిచేను | ఉదయం 9:52

అది నాకు తెల్వదనుకుంటున్నవా, నేనే చెప్దామనుకున్న. తెల్వనోళ్ల కోసం రాస్తున్న సదువుండ్రి.

అమెరికల పత్తి రైతులకు సర్కారు విపరీతంగ పైసలిస్తది, వాళ్లు ఎంత పండించినా నష్టం లేదు, ఆ పత్తంత ప్రపంచం మీద పడి రేటు కూలుతది. 2002ల బ్రెజిల్ కేసేసింది. 2005ల అప్పీల్ల గూడ గెలిచింది. అమెరికా అయితే మారలే. అప్పుడు బ్రెజిల్ ఏమన్నది, నువ్ మారకపోతే నీ సామాన్ల మీద సుంకం ఏస్త, అదీ చాలకపోతే నీ పేటెంట్లు గూడ పట్టించుకోను అన్నది. ఏడాదికి 829 మిలియన్ డాలర్ల దాకా దెబ్బ కొట్టొచ్చని లెక్క తేలింది. అప్పుడు అమెరికకు భయమైంది. ఏం చేసింది, సబ్సిడీ బంద్ పెట్టిందా? పెట్టలే. బ్రెజిల్ పత్తి రైతుల కోసం ఏడాదికి 147.3 మిలియన్ డాలర్లు ఇచ్చుడు మొదలు పెట్టింది! తన రైతులకు ఇచ్చేది ఇచ్చుకుంట, కేసేసినోని రైతులకు గూడ ఇచ్చింది. 2014ల ఇంకో 300 మిలియన్లు ఇచ్చి ఫైలు మూసేసిండ్రు.

మరి ఆఫ్రికల పత్తి మీదనే బతికేటోళ్లు, బెనిన్, బుర్కినాఫాసో, చాద్, మాలి, వాళ్లకేం దొరికింది? బుర్కినాఫాసో అధ్యక్షుడు 2003ల జెనీవకు స్వయంగ వచ్చి మొత్తుకున్నడు. బెనిన్, చాద్ ఆ కేసుల పక్కన కూసున్నయి. పైస రాలే. ఎందుకంటే వాళ్లు సుంకం ఏస్త అంటే అమెరికకు చీమ కుట్టినంత గూడ కాదు. కేసు గెలిస్తె చాలదు, కొట్టే చెయ్యి గూడ ఉండాలె.

లెక్కల_మాస్టారు | ఉదయం 10:40

పత్తిచేను గారూ, ఎంత బాగా చెప్పారండీ. ఒక్క ముక్క కలుపుతాను. అదే 2003 సెప్టెంబర్ కాన్కూన్‌లో ఆ నాలుగు దేశాలు సబ్సిడీ ఆపమని అడిగితే, చివర్లో వచ్చిన ముసాయిదాలో వాళ్లకి దొరికిన జవాబేంటో తెలుసా, పత్తి మీద ఆధారపడ్డ దేశాలు వేరే రంగాలకి మళ్లడానికి సాయం చేసే పథకాలు చూద్దాం అని. అంటే పత్తి మానేసి ఇంకోటి వేసుకోండి బాబూ అని. ఆఫ్రికా వాళ్లు లేచి వెళ్లిపోవడానికి ఆ కాగితం కూడా ఒక కారణం. ఆ సమావేశం మొదటిరోజే బయట లీ క్యుంగ్ హే అనే కొరియా రైతు నాయకుడు ఆందోళనకారుల మధ్య ప్రాణం తీసుకున్నాడు. నేనప్పుడు పేపర్లో ఆ ఫొటో చూసి క్లాసులో పాఠం చెప్పలేకపోయాను.

భీమవరం_చెరువు | ఉదయం 11:10

ఇక్కడ మా బాధ చెప్పుకోవచ్చాండి. మాది వనామీ రొయ్య. అమెరికా సుంకం 25 శాతం అన్నాడు, ఆగస్టు 27 నుంచి 50 చేశాడు, మరీ చవకగా అమ్ముతున్నామని వేసిన పాత యాంటీ డంపింగ్ డ్యూటీ, మన సబ్సిడీలకి విరుగుడని మొన్నొచ్చిన కౌంటర్‌వెయిలింగ్ డ్యూటీ దాని మీద అదనం. పొద్దున్న టీవీలో వార్త రావడం పాపం మధ్యాహ్నానికి కొనేవాళ్లు చెరువు గట్టు మీదకొచ్చి కౌంటుకి రేటు కోసేశారండి. సరుకేమో అప్పటికే కంటైనర్లో సముద్రం మీదుంది. మేత రేటు మాత్రం ఎవడూ తగ్గించడు. ఈ డబ్ల్యూటీఓలో దీనికి కేసు లేదా? ఒక్కో దేశానికి ఒక్కో సుంకం వేసుకోవచ్చా?

ఓపెన్_మార్కెట్ | ఉదయం 11:45

వేసుకోకూడదు. డబ్ల్యూటీఓకి పునాది అయిన గాట్ ఒప్పందంలో మొదటి ఆర్టికలే అది, ఒకడికిచ్చిన రేటు అందరికీ ఇవ్వాలి. కేసు వేస్తే గెలుస్తాం కూడా. కానీ గెలిచి? పై కోర్టు లాంటి అప్పీలేట్ బాడీ 2019 డిసెంబర్ నుంచి పనిచెయ్యట్లేదు, ఇప్పుడు కుర్చీలన్నీ ఖాళీ. జడ్జీల నియామకాన్ని అడ్డుకుంది అమెరికానే. ఓడిపోయినవాడు అప్పీల్ అని ఒక కాగితం పడేస్తే చాలు, వినేవాడు లేడు కాబట్టి ఫైల్ గాల్లో ఉంటుంది. అయితే ఇది మనం కూడా వాడాం అండి, చక్కెర సబ్సిడీల కేసులో 2021లో బ్రెజిల్, ఆస్ట్రేలియా, గ్వాటెమాల మన మీద గెలిస్తే మనం చేసింది ఇదే పని, ఆ ఖాళీ కుర్చీలకే అప్పీల్ పెట్టాం.

భీమవరం_చెరువు | ఉదయం 11:52

బావుందండి. కోర్టుకి తాళం వేసినవాడే ముద్దాయి.

ఓపెన్_మార్కెట్ | మధ్యాహ్నం 1:20

రాత్రి రాస్తానన్న మాట ఇప్పుడు రాస్తున్నా, తిట్టుకోకండి. అందరూ అమెరికా మీద పడుతున్నారు, న్యాయమే. కానీ ప్రపంచంలో అమ్ముడయ్యే బియ్యంలో సుమారు 40 శాతం మనదే. మద్దతు ధరకి కొని, గోదాములు నిండి, పేదల కోసం అని పేరు పెట్టి, దేశం మొత్తం మీద మిగులు పెంచుకుని చివరికి ఆ బియ్యమే ఓడలెక్కుతుంటే థాయిలాండ్ రైతుకి, వియత్నాం రైతుకి మండదా? 2024లో అబుధాబి సమావేశంలో థాయ్ రాయబారి ఈ మాటే మొహం మీద అనేసరికి మనవాళ్లు ఆవిడ ఉన్న మీటింగుల్లో కూర్చునేదే లేదన్నారు, థాయిలాండ్ ఆవిడని వెనక్కి పిలిపించుకుంది. మళ్లీ మనమే 2023 జూలైలో తెల్ల బియ్యం ఎగుమతి ఒక్క రాత్రిలో ఆపేశాం, ఏడాది పైగా. కొనుక్కు తినే దేశాల సంగతేంటి? "అభివృద్ధి చెందుతున్న దేశాల గొంతు" అని స్పీచ్ ఇస్తాం, ఆ దేశాల్లో సగం మంది మన వల్లే ఇబ్బంది పడుతున్నారు.

డబ్బులే ఇవ్వాలంటే ఎకరానికి ఇంత అని చేతికివ్వండి. పంటతో లింకు లేకుండా ఇస్తే అది గ్రీన్ బాక్స్, అంటే డబ్ల్యూటీఓకి అభ్యంతరం లేని సబ్సిడీల పెట్టె, హద్దే లేదు. యూరప్ వాడు చేసింది అదే.

అనంత_బుడ్డలు | మధ్యాహ్నం 1:41

అబ్బా, ఎకరాకింత! మా అనంతపురంలో భూమి ఒకరిది, చేసేది ఒకరు. నేను ఎనిమిదెకరాలు కౌలుకు చేస్తాండా. ఆ ఎకరా డబ్బులు నాకొస్తాయా? పట్టా ఉండేవానికి పోతాయి, ఆయప్ప బెంగళూరులో ఉంటాడు. బుడ్డలు అమ్మేటప్పుడు రేటు ఉంటే అది నాకొస్తాది. మీ గ్రీన్ బాక్సు సంగతి సరే, అందులో కౌలు రైతుకు కంత యాడుంది చూపించండి సామీ.

కల్లంకాడ_శీను | మధ్యాహ్నం 1:55

పైన అన్న చెప్పింది కరెక్ట్. మా నాయినకు గూడ సొంతం రెండెకరాలే, మిగిలిన మూడు కౌలుదే. రైతు భరోసా రెండెకరాలకు వస్తది, మద్దతు ధర ఐదెకరాల వడ్లకొస్తది.

అనంత_బుడ్డలు | మధ్యాహ్నం 2:10

ఇంగొకటి చెప్పల్ల. నూనె సంగతి ఎవరూ ఎత్తడంల్యా. మా జిల్లాలో ఒకప్పుడు యాడ జూసినా చెనిక్కాయే. ఇప్పుడు ఇండ్లలో అందరూ పామాయిలు, సన్‌ఫ్లవర్. మనం తినే నూనెలో సగానికి మించి బయటదే. డబ్ల్యూటీఓలో సంతకం పెట్టేటప్పుడు పామాయిలు మీద సుంకం 300 దాకా ఏసుకోవచ్చని రాసుకున్యారు, సోయా నూనెకు మాత్రం 45కే కట్టేసుకున్యారు. అది సరే, రాసుకున్న దాంట్లో అయినా ఏసినారా అంటే, పోయిన సంవత్సరం సెప్టెంబర్లో ముడి నూనె మీద 20 పెంచినారు, ఈ మేలో మళ్లీ 10కి దించినారు. పండగొస్తే దించుతారు, ఎలక్షన్ వస్తే దించుతారు. దీంట్లో జెనీవా వాళ్ల తప్పేం ల్యా. 300 ఏసుకోమని రాసిచ్చినా మనోళ్లే ఎయ్యల్యా.

మోడరేటర్ | మధ్యాహ్నం 3:00

రెండు కామెంట్లు తీసేశాం. ఫలానా పార్టీ అమ్ముడుపోయింది, ఫలానా మంత్రి ఇంత తిన్నాడు అనేవి వేరే చోట రాసుకోండి. చర్చ బాగుంది, పాడుచేయకండి.

కోటోనూ_బాబు | సాయంత్రం 5:25

లేటుగా చూశానండి ఈ థ్రెడ్. నేను బెనిన్ దేశంలో కోటోనూలో ఉంటాను, సొంతూరు పెద్దాపురం దగ్గర. పని బియ్యం దిగుమతి కంపెనీలో. ఓపెన్ మార్కెట్ గారు చెప్పినదానికి ఇటు గట్టు మీంచి సాక్ష్యం చెప్తా.

కాకినాడలో ఎక్కిన ఉప్పుడు బియ్యం ఇక్కడ దిగుతుంది. 50 కిలోల సంచులు, నెత్తిన పెట్టుకుని హమాలీలు, అచ్చం మన పోర్టులోలానే, భాషొకటే వేరు. ఇక్కడ దిగిందంతా ఇక్కడే తినరు, చాలావరకు బార్డర్ దాటి నైజీరియా పోతుంది, అది అందరికీ తెలిసిన రహస్యం. మన బియ్యం చవక. ఇక్కడి మార్కెట్లో లోకల్ బియ్యం అమ్మే ఆడవాళ్లున్నారు, వాళ్ల డబ్బాలో రేటు ఎక్కువ, రాళ్లుంటాయని కూడా అంటారు, కొనేవాళ్లు తక్కువ. ఒకావిడ నన్ను అడిగింది, మీ దేశంలో ఇంత చవకగా ఎలా పండిస్తారయ్యా అని. నేను చెప్పలేకపోయా. మరి మా అన్నయ్య ఊళ్లో వరి చేసి అప్పుల్లో ఉన్నాడు కదా, చవకేంటి?

ఇంకోవైపు చూడండి, 2023లో ఇండియా ఎగుమతి ఆపినప్పుడు ఇక్కడ గుండెలు గుభేలుమన్నాయి. తెల్లబియ్యం ఆగిపోయింది, ఉప్పుడు బియ్యం మీద 20 శాతం ఎగుమతి సుంకం పడింది. చవకగా వస్తే ఇక్కడి రైతు చస్తాడు, రాకపోతే ఇక్కడి కూలివాడు చస్తాడు. రెండూ మన చేతిలోనే ఉన్నాయి, వాళ్లనెవరూ అడగలేదు.

మాస్టారు పైన మూడో మెలిక అన్నారు కదా, నిల్వలు వేరేవాళ్ల వ్యాపారం పాడుచెయ్యకూడదని. పోయిన నవంబర్లో కాకినాడ రేవులో స్టెల్లా అనే ఓడ గొడవ గుర్తుందిగా, ఉప ముఖ్యమంత్రి పడవ మీద వెళ్లి చూసిన గొడవ. రేషన్ బియ్యం ఆ ఓడలో దొరికింది. అంటే కిలో 40 పైన పడే బియ్యం పేదోడికి ఉత్తినే ఇచ్చి, అది చేతులు మారి, పాలిష్ పట్టి, ఓడెక్కింది. జెనీవాలో థాయ్ వాళ్లు అడిగే ప్రశ్నకి మన రేవులోనే జవాబు ఉంది, ఇది చెప్పడానికి నాకు సిగ్గుగా ఉంది, మాది ఆ జిల్లాయే.

లెక్కల_మాస్టారు | సాయంత్రం 6:40

బాబు గారూ, ఇలాంటి మాట పుస్తకాల్లో దొరకదండి. మీరు చెప్పింది ఒప్పుకుంటాను, ఓపెన్ మార్కెట్ గారి మాటా ఒప్పుకుంటాను సగం.

గుమ్మం తీసేస్తే ఏమవుతుందో హైతీ చూసింది. 1995లో అప్పులిచ్చే ఐఎంఎఫ్ చెప్పిందని బియ్యం మీద సుంకం 35 నుంచి 3కి దించారు. అమెరికా సబ్సిడీ బియ్యం వచ్చి పడింది, సొంత వరి పోయింది. 2010లో అమెరికా మాజీ అధ్యక్షుడు క్లింటన్ సెనెట్ కమిటీ ముందు కూర్చుని, అది మా ఆర్కాన్సా రైతులకి పనికొచ్చిందేమో కానీ పొరపాటే, హైతీ తన జనానికి తను పండించుకునే శక్తి పోగొట్టుకుంది, దాని ఫలితంతో నేను రోజూ బతకాలి అన్న అర్థంలో ఒప్పుకున్నాడు. పదిహేనేళ్ల తర్వాత.

ఇహ సగం ఎందుకు ఒప్పుకోనంటే, మీరు యూరప్ వాడిలా గ్రీన్ బాక్సులోకి మారమంటున్నారు. వాడికి మారడానికి టైమూ, పెట్టె రెండూ ఉన్నాయి. ఒప్పందం రాసేనాటికి అమెరికా, యూరప్ 1986-88లో ఎంత సబ్సిడీ ఇస్తున్నారో దాన్ని కొలిచి, అందులో 20 శాతం తగ్గించి, మిగతాది మీ హక్కు అని రాసిచ్చారు. అమెరికాకి ఏటా 19.1 బిలియన్ డాలర్లు, యూరప్‌కి అంతకంటే చాలా ఎక్కువ. వాడాలనుకుంటే ఇవాళ కూడా వాడుకోవచ్చు, ఒకే పంట మీద కుమ్మరించొచ్చు కూడా. మన ఖాతాలో ఆ గడి ఎదురుగా ఏముందో తెలుసా? సున్నా. పంట విలువలో 10 శాతం ఒక్కటే దిక్కు. ఎందుకు సున్నా అన్నది వేరే కథ, రాత్రి రాస్తా, సంధ్యావందనం టైమైంది.

సివిల్స్_రెండోసారి | సాయంత్రం 6:44

సర్ సస్పెన్స్‌లో పెట్టకండి.

ఓపెన్_మార్కెట్ | సాయంత్రం 7:15

ఆ 19.1 పాయింట్ ఒప్పుకుంటా. కౌలు రైతు పాయింట్ కూడా, నేను దాని గురించి ఆలోచించలేదు నిజంగా. కానీ మనవాళ్లు ప్రతి సమావేశంలో అడ్డం పడటం తప్ప ఏం సాధించారు? 2014 జూలైలో సరిహద్దుల్లో సరుకు సులువుగా కదలడానికి రాసుకున్న ట్రేడ్ ఫెసిలిటేషన్ ఒప్పందాన్ని ఆపేశాం, ప్రపంచమంతా తిట్టింది.

పత్తిచేను | సాయంత్రం 7:40

తిట్టినా నవంబర్ల పని అయింది గద. పీస్ క్లాజ్ ఎప్పటిదాకా అని బాలీల సక్కగ రాయలే, నాలుగేండ్లే అని కొందరన్నరు. అడ్డం పడితెనే, శాశ్వత పరిష్కారం వచ్చేదాక ఉంటది అని 2014 నవంబర్ల తెల్లకాగితం మీద రాసిచ్చిండ్రు. పదకొండేండ్లయింది, ఆ శాశ్వత పరిష్కారం మాత్రం రాలే. నైరోబీ సమావేశం అయింది, బ్యూనస్ ఎయిరీస్ అయింది, జెనీవా, అబుధాబి అయింది.

కల్లంకాడ_శీను | రాత్రి 8:30

సార్ ఒక ముచ్చట. నాయినకు ఇవన్ని చదివి వినిపించిన. 1986-88 అనంగనే ఆయన మొకం మారింది. అప్పుడు ఆయనకు ఇరవై రెండేండ్లట, తాతతోని బండి కట్టుకొని వడ్లు మిల్లుకు కొట్టేటోళ్లట. రేటెంత యాదికున్నదా అంటే ఆలోచించకుంట చెప్పిండు, క్వింటా నూటయాభైకి అటీటు అని. మీ లెక్కల పనికొస్తదేమో అని రాస్తున్న.

లెక్కల_మాస్టారు | రాత్రి 9:35

శీను గారూ, మీ నాన్నగారి జ్ఞాపకం అమోఘం. 1987-88లో సాధారణ రకం వడ్ల మద్దతు ధర సరిగ్గా 150 రూపాయలు. నేను రాస్తానన్న కథకి ఆయనే అంకె అందించారు.

అదే 67 కిలోల లెక్క వెయ్యండి. వడ్లు క్వింటా 150 అంటే బియ్యం క్వింటా 224, టన్ను 2,240. బయటి ధరేమో 3,520. తీసెయ్యండి. మైనస్ 1,280. అంటే ఆ రోజుల్లో బయట అమ్ముకుంటే వచ్చేదానికంటే టన్నుకి పన్నెండు వందల పైన తక్కువకే మీ తాతగారు, నాన్నగారు ఇచ్చారు. పట్నాల్లో బియ్యం చవకగా ఉండాలని దేశం పెట్టుకున్న పద్ధతి అది. ఎగుమతి గేట్లు మూసి, లెవీ పేరుతో సర్కారు రేటుకే ఇవ్వాలని పెట్టి, రేటు కింద ఉంచారు.

మర్రకేష్ పుస్తకంలో ఏం జరిగిందంటే, ఆ మూడేళ్లలో ఎవరు రైతుకి ఎంత ఎక్కువ ఇచ్చారో వాళ్లకి అంత పెద్ద హక్కు రాసిచ్చారు. రైతుకి ఇవ్వకపోగా రైతు దగ్గరే తీసుకున్న మనలాంటివాళ్ల లెక్క మైనస్‌లో తేలింది కాబట్టి, మైనస్‌కి హక్కేముంటుంది, సున్నా వేశారు. ఆ సున్నా, ఆ 3,520 రెండూ కలిసి ఇవాళ మీ కుప్ప మీద కూర్చున్నాయి.

ఓపెన్_మార్కెట్ | రాత్రి 9:50

ఈ యాంగిల్ నాకు తెలీదు మాస్టారూ. ఆఫ్రికా దేశాల్లోనూ అప్పట్లో చాలాచోట్ల ఇదే కదా, మార్కెటింగ్ బోర్డులు పెట్టి రైతు దగ్గర తక్కువకి కొనడం.

కోటోనూ_బాబు | రాత్రి 10:05

ఇక్కడ పత్తికి అలాగే ఉండేదని ముసలివాళ్లు చెప్తారండి.

కల్లంకాడ_శీను | 11 నవంబర్, ఉదయం 11:20

నాయినకు రాత్రే చెప్పిన. సేపు సప్పుడు చెయ్యలే. తర్వాత "మరి అప్పుడు తీస్కున్నయి ఎన్నడిస్తరట" అన్నడు. నేనేం చెప్పాలె.

పత్తిచేను | ఉదయం 11:34

కాంటా అయిందా మరి?

కల్లంకాడ_శీను | మధ్యాహ్నం 12:15

అయింది అన్నా. పొద్దున పదహారున్నర వచ్చింది. నలభై కిలోల సంచికి కిలో ఎక్కువ జోకిండ్రు, తాలు ఉన్నదట. సంచులు కుట్టి పెట్టినం. లారీ ఇంక రాలే.